కొట్టేసిన ముప్ఫై ఎనిమిది

కొండ మీద ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 4

మావయ్యకి,

నీకు ఫోన్ చేస్తే నేనే మాట్లాడి, నేనే నవ్వి, నేనే పెట్టేసినట్టుంటుంది. అటునుంచి వచ్చేవి మూడే మాటలు: "ఊ", "సరే", "భోంచేశావా". అందుకే ఈ ఉత్తరం. కాగితం మీదైనా నాలుగు ముక్కలు రాలుస్తావేమోనని ఆశ.

నా కిటికీలోంచి టెలిస్కోప్ గుమ్మటం కనబడుతుంది. దాన్ని నేను ముట్టుకునేది లేదు. రాత్రి డ్యూటీవాళ్లు తీసిన అంకెలు పొద్దున్నకి నా బల్ల మీదికి వస్తాయి. నేను వాటితో కుస్తీ పడతాను.

నాకు అప్పగించింది శని గ్రహం చుట్టూ తిరిగే ఒక బుల్లి చంద్రుడు. అమ్మకి చెబితే, "వెతికి వెతికి శనినే పట్టుకున్నావటే?" అంది. "నేను పట్టుకోలేదమ్మా, అదే పట్టుకుంది" అన్నాను. దీనికి నంబరే గాని పేరు లేదు. పొడుగ్గా, సొట్టలు పడి ఉంటుంది కాబట్టి నేను దుంప అని పిలుస్తున్నాను. ఇప్పుడు ఆఫీసంతా అదే పేరు.

మన చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే మొహం చూపిస్తాడు కదా. భూమి చుట్టూ ఒకసారి తిరిగేలోపు తన చుట్టూ తాను కూడా ఒక్కసారే తిరుగుతాడు. పెద్ద గ్రహాల దగ్గరున్న చంద్రుళ్లు చాలావరకు అలాగే కుదురుకుంటాయి. దుంప కుదురుకోలేదు. అది ఎన్నాళ్లకి ఒక చుట్టు తిరుగుతుందో చెప్పడమే నా పని. అడ్డంగా ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ కనబడుతుంది, మొన మనవైపు ఉన్నప్పుడు తక్కువ. ఆ హెచ్చుతగ్గులు పట్టుకుని ఆ చుట్టుకి పట్టే కాలం తేల్చాలి. పోయిన ఏడు జూలై నుంచి డిసెంబరు దాకా మబ్బు లేని రోజులు నూట ఇరవై ఒకటి దొరికాయి. నాలుగు రోజుల పదకొండు గంటలకి ఒక చుట్టు అని తేల్చాను. ఏప్రిల్‌లో అందరి ముందూ సెమినార్‌లో చెప్పేశాను కూడా.

కాస్త అటూ ఇటూ ఉంది. అంతే.

నువ్వు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తిరిగే వస్తువులతోనే బతుకుతున్నావు. నీకేమనిపిస్తోంది?

నీ బొంగరం


మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది
జూన్ 12

బొంగరానికి,

ఉత్తరం అందింది. అక్క బాగుంది. ఇక్కడ వానలు.

కాస్త అటూ ఇటూ అన్నావు. ఎంత? ఎన్ని రీడింగుల మీద?

మావయ్య


కొండ మీద ఆఫీసు
జూన్ 20

మావయ్యకి,

నీ ఉత్తరం విప్పి, వెనక్కి తిప్పి కూడా చూశాను, మిగతాది అటువైపు ఉందేమోనని. టెలిగ్రామ్ ఇచ్చేవాళ్లు కూడా ఇంతకన్నా ధారాళంగా రాసేవారట.

ఎనభై మూడు రీడింగులు. నాలుగు రోజుల పదకొండు గంటల లెక్కతో గీసిన గ్రాఫు గీతకి చక్కగా సరిపోయాయి. పక్క బల్ల అతను చూసి, "ఇంత శుభ్రమైన గ్రాఫు నా జన్మలో గీయలేదు" అన్నాడు. ఈర్ష్యేమో అనుకున్నాను. ఇప్పుడు వెటకారమేమోనని అనుమానంగా ఉంది.

అసలు సంగతి చెబుతాను, అమ్మకి చెప్పొద్దు. ఈ ఏడు మే నుంచి వస్తున్న కొత్త రీడింగులు ఆ గీతకి దగ్గరికి కూడా రావడం లేదు. వెలగాల్సిన రోజు మసగ్గా ఉంటోంది, మసగ్గా ఉండాల్సిన రోజు వెలుగుతోంది. నవంబరులో కమిటీ కూర్చుంటుంది. ఆ రోజుకి నేను సరైన కాలం చెప్పలేకపోతే, దుంప వేరేవాళ్ల బల్ల మీదికి పోతుంది. నా ఉద్యోగం ఈ ఒక్క పని మీదే ఇచ్చారు కాబట్టి నేను కొండ దిగాల్సిందే. మా పెద్దసారు మంచివాడే. కానీ ఆయన మంచితనం కూడా నెంబర్లు చూశాకే మొదలవుతుంది.

దీని దుంప తెగ. నిజంగానే నా దుంప తెంచేలా ఉంది.

బొంగరం


మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది
జూలై 1

బొంగరానికి,

మొదటి ఉత్తరంలో మబ్బు లేని రోజులు నూట ఇరవై ఒకటి అన్నావు. రెండో దాంట్లో రీడింగులు ఎనభై మూడు అన్నావు. ముప్ఫై ఎనిమిది తేడా వస్తోంది. అవి ఏమయ్యాయి?

కోప్పడటానికి అడగడం లేదు. నేను చేసిన పని ఒకటి రాస్తాను. ఇది అక్కకి కూడా తెలియదు.

నేను ఈ షెడ్డులో చేరిన రెండో ఏట ఒక బ్లోయర్ రోటర్, అంటే గాలి ఊదే యంత్రంలో తిరిగే భాగం, వచ్చింది. రోటర్ బరువు అన్ని వైపులా సమంగా లేకపోతే తిరిగేటప్పుడు వణుకుతుంది. బరువు ఏ వైపు ఎక్కువుందో చూసి, ఎదురు వైపు అంతే బరువు వెయ్యడం మా పని. మెషిన్ మీద పెట్టి ఆరుసార్లు తిప్పాను. నాలుగుసార్లు బరువు ఒకే చోట చూపించింది. రెండుసార్లు ఎక్కడో వేరే చోట. ఆ రెండూ మెషిన్ తప్పు అనుకుని, పుస్తకంలో ఎక్కించకుండా వదిలేశాను. నాలుగింటి ప్రకారం బరువు వేసి పంపాను. మూడో రోజుకి బేరింగులు మాడి తిరిగొచ్చింది. పక్కన నిలబడ్డ మనిషికి చెయ్యి విరిగేదే. వెంట్రుకవాసిలో తప్పింది.

మా మేస్త్రి దాన్ని కోయించాడు. లోపల బోలుగా ఉన్న షాఫ్టులో, అంటే ఇరుసులో, ఊడిపోయిన వెల్డింగ్ ముక్క ఒకటి అటూ ఇటూ జరుగుతోంది. ఆ రెండు రీడింగులూ దాని గురించే చెప్పాయి. ఆయన నన్ను తిట్టలేదు. "మెషిన్ నీతో ఆరు మాటలు చెప్పింది. నీకు నచ్చినవి నాలుగు విన్నావు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి నా పుస్తకంలో ప్రతిదీ సిరాతో ఎక్కిస్తాను. ఏదీ కొట్టెయ్యను. అర్థం కానిదాని పక్కన చిన్న సున్నా చుడతాను.

ఆ ముప్ఫై ఎనిమిదీ పంపు. తేదీలతో.

మావయ్య


కొండ మీద ఆఫీసు
జూలై 13

మావయ్యకి,

నీ ఉత్తరం భోజనాల గదిలో చదివాను. చదివాక భోజనం చెయ్యలేదు.

నేనే కొట్టేశాను. మొదట ఒకటి కొట్టేశాను, ఆ రోజు గాలిలో తేమ ఉందని. నిజంగానే ఉంది. తర్వాత ఇంకొకటి, అద్దం మీద దుమ్ము ఉండొచ్చని. పదోదానికి వచ్చేసరికి కారణం వెతకడం కూడా మానేశాను. గీతకి దూరంగా ఉంటే చాలు, అది పాడైన రీడింగు. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరినీ మోసం చేస్తున్నానని కూడా అనుకోలేదు. ఇల్లు ఊడుస్తున్నాననుకున్నాను.

అన్నీ పంపుతున్నాను. నూట ఇరవై ఒకటి. కొట్టేసినవాటి పక్కన నీలాగే సున్నాలు చుట్టాను. కాగితం మీద ఆ ముప్ఫై ఎనిమిది సున్నాలూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

దుంప శని చుట్టూ తిరిగే దారి వివరాలు కూడా జతచేశాను. నీకు అక్కర్లేదేమో. ఇప్పుడు ఏదీ తీసెయ్యాలంటే భయమేస్తోంది.

బొంగరం


మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది
ఆగస్టు 2

బొంగరానికి,

అన్నీ అందాయి. ఇక్కడ నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. కాస్త లెక్కలు వచ్చినవాడు. తన పేరు రాయొద్దన్నాడు. ఆయన చూసి చెప్పింది రాస్తున్నాను.

దుంప దారి గుండ్రంగా లేదు, కోలగా ఉంది. శనికి దూరంగా ఉన్నప్పుడు పది అనుకుంటే, దగ్గరగా వచ్చినప్పుడు ఎనిమిది. ఆరు రోజులకొకసారి దగ్గరికి వస్తుంది. ఇదంతా నువ్వు పంపినదే. ఆయన నీ రీడింగుల పక్కన ఇంకో గడి గీసి, ఆ రోజు దుంప దగ్గరుందా, దూరంగా ఉందా అని ఎక్కించాడు. నువ్వు కొట్టేసిన ముప్ఫై ఎనిమిదిలో ముప్ఫై ఒకటి, అది శనికి దగ్గరగా వచ్చిన రోజువో, ఆ తర్వాతి రెండు రోజులవో.

శని తన వైపున్న మొనని ఎక్కువ లాగుతుంది, అవతలి మొనని తక్కువ లాగుతుంది. అందుకని పొడుగాటి వస్తువు మెలితిరుగుతుంది. దూరం ఘనం ఎంత తగ్గితే ఆ మెలిపెట్టే బలం అంత పెరుగుతుందట. పది ఘనం వెయ్యి. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, అరవై నాలుగెనిమిదులు అయిదు వందల పన్నెండు. అంటే దగ్గరికి వచ్చినప్పుడల్లా బలం దాదాపు రెట్టింపు. దూరంగా పోతే మళ్లీ సగం. ఇలా బిగిస్తూ వదులుతూ ఉంటే అది ఎక్కడ కుదురుకుంటుంది?

ఆయన ఒకటి చేసి చూశాడు. పొడుగాటి ఇనప బోల్టుకి నడుము దగ్గర దారం కట్టి వేలాడదీశాడు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పక్కన పెట్టాడు. అయస్కాంతం కదలకుండా ఉన్నంతసేపూ బోల్టు కాసేపు ఊగి, మొన దానివైపు పెట్టి ఆగిపోయింది. అది మన చంద్రుడు. తర్వాత ఆ అయస్కాంతాన్ని గేరు మోటారుకి బిగించి, మెల్లగా దగ్గరికీ దూరానికీ జరిగేలా చేశాడు. ఇక బోల్టు ఆగలేదు. ఒకసారి ఊగుతుంది, ఒకసారి గిరగిరా రెండు చుట్లు తిరుగుతుంది, ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతుంది. నాలుగు వందల సార్లు చూసి ఎక్కించాడు. ఒకసారి వచ్చిన వరస మళ్లీ రాలేదు. మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ అతను వచ్చి చూసి, "ఏంటన్నా, బోల్టుకి పిచ్చెక్కిందా?" అన్నాడు.

దుంపకి ఇన్నాళ్లకి ఒక చుట్టు అనే కాలమే లేదని ఆయన అభిప్రాయం. తప్పయితే తీసెయ్యమన్నాడు.

మావయ్య


కొండ మీద ఆఫీసు
ఆగస్టు 11

మావయ్యకి,

ఆ ఒకాయనకి నా తరఫున దండం పెట్టు. రెండు చేతులా.

అలా తలా తోకా లేకుండా తిరిగే చంద్రుళ్లు ఉంటాయని నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే! నా బల్ల మీదున్నదే అలాంటిదని నాకు తట్టలేదు. ఎలా తడుతుంది? ముప్ఫై ఎనిమిది ఊడ్చేశాక మిగిలింది పద్ధతిగా కనబడింది. గిట్టని చుక్కలు తీసేస్తే ఏ గీతైనా సరిపోతుందిగా.

ఆకారం, దారి, మెలిపెట్టే బలం అన్నీ వేసి కంప్యూటర్‌లో నడిపించాను. మూడు రోజులు తంటాలు పడ్డాక నూట ఇరవై ఒక్క రీడింగులూ, నెల నెలకీ విడగొట్టి చూస్తే, గీత మీదికి వచ్చి కూర్చున్నాయి. కొట్టేసినవన్నీ! బల్ల చరిచాను. పక్క బల్ల అతని టీ ఒలికింది.

వెంటనే పెద్దసారు గదికి పరిగెత్తాను.

"కాలం ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు.

"లేదండీ."

"లేదంటే? దొరకలేదా?"

"అసలు లేనే లేదండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. ఆయన కళ్లజోడు తుడిస్తే మంచిది కాదని ఇక్కడ అందరికీ తెలుసు. "చూడమ్మా, నా తాళంచెవి రోజూ కనబడదు. అలాగని మా ఇంటికి తాళమే లేదని చెప్పను. నీకు తెలియకపోవడం వేరు, అది లేకపోవడం వేరు. జరిగిపోయిన వాటికి ఎవరైనా గీత గియ్యగలరు. కమిటీ ముందు ఇదే చెబితే నవ్వుతారు" అన్నాడు.

వెనకనుంచి పక్క బల్ల అతను, "ఏప్రిల్‌లో నాలుగు రోజుల పదకొండు గంటలు ఉండేది కదండీ, సెలవు మీద వెళ్లిందా?" అన్నాడు. టీ ఒలికిన కక్ష.

లేనిదాన్ని లేదని ఎలా రుజువు చెయ్యను మావయ్యా? ఒకాయనని అడుగు.

బొంగరం


మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది
ఆగస్టు 20

బొంగరానికి,

మీ సారు అన్నదాంట్లో తప్పు లేదు. జరిగిపోయినదానికి గీత గియ్యడం తేలిక. జరగబోయేది రాయి. కవరులో పెట్టి, అంటించి, ఆయన చేతికే ఇవ్వు.

ఇంకొకటి. నేను రోటర్ ఇచ్చేటప్పుడు షాఫ్టుకి చీటీ కడతాను. ఇంత వేగం దాకా నా పూచీ, ఆపైన నాది కాదు అని. మిగతా షెడ్లవాళ్లు కట్టరు. పూచీ ఎక్కడిదాకానో చెప్పనివాడి మాట ఎక్కడిదాకా నమ్మాలో తెలియదు. నీ లెక్క ఎన్నో రోజు దాకా నిలుస్తుందో, ఎన్నో రోజు నుంచి చెడుతుందో, అది కూడా ముందే రాసి పెట్టు. చెప్పిన రోజున చెడితే అదే నీ రుజువు.

ఆ ఒకాయనకీ ఇదే సబబనిపించింది.

మావయ్య


కొండ మీద ఆఫీసు
అక్టోబరు 3

మావయ్యకి,

కవరు ఇచ్చేశాను.

సెప్టెంబరులో ఇరవై రోజులు చూసి, దుంప ఎటు తిరిగి ఉందో, ఎంత జోరు మీదుందో పట్టుకున్నాం. మా కొలతలో వెంట్రుకంత తప్పు ఉండకపోదు కదా, అందుకని మొదలుపెట్టే అంకెలని కొద్దికొద్దిగా మార్చి మూడుసార్లు లెక్క నడిపాను. నలభై రోజులకి మూడు గీతలు. ఇరవై నాలుగో రోజు దాకా మూడూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఒకే గీతలా ఉన్నాయి. అక్కడినుంచి విడిపోయి, ముప్ఫయ్యో రోజుకి ఎవరి దారి వాళ్లది. కాలమనేది ఉన్న వస్తువైతే నలభై కాదు, నాలుగు వందల రోజులైనా విడిపోవు.

కాబట్టి కాగితం మీద ఇలా రాశాను: "ఒకటి నుంచి ఇరవై నాలుగో రోజు దాకా రోజువారీ వెలుగు ఇది. ఇంతవరకూ నా పూచీ. ఆ తర్వాత ఇది చెడుతుంది. ముప్ఫయ్యో రోజుకి ఈ గీత పనికిరాదు. ఎవరి గీతా పనికిరాదు."

పెద్దసారు కవరు అటూ ఇటూ తిప్పి, "నలభై రోజులకి లెక్కవేసి ఇరవై నాలుగుకే పూచీ ఏమిటమ్మా? బజార్లో గొడుగు కొంటే కూడా ఇలా చెప్పరు, ఇన్ని వానల దాకానే అని" అన్నాడు. "చెబితే బాగుండేది కదండీ" అన్నాను. ఆయన కవరు బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి కనబడింది.

మిగతాది దుంప చేతిలో ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు గాని, అది నీకనవసరం.

ఇప్పుడు నీ సంగతి. అమ్మ ఫోన్ చేసింది. "మీ మావయ్యకి ఏమైందే? చూద్దామని వెళ్తే భోజనాల బల్ల మీద పళ్లెం పెట్టే చోటు లేదు, అన్నీ గళ్లు గీసిన కాగితాలే. ఫ్యాను ఊడదీసి ఆ కొక్కేనికి బోల్టు కట్టాడు. 'ఉక్కపోస్తోంది, ఫ్యాను పెట్టరా' అంటే, 'ఇంకో వంద అయ్యాక పెడతా అక్కా' అన్నాడు. విసనకర్రతో విసురుకుంటూ తిన్నాను" అంది.

ఒకాయన భోజనాల బల్ల, ఒకాయన ఫ్యాను, మీ ఇంట్లోనే ఎందుకున్నాయి?

నాకు ఆగస్టులోనే తెలుసు. లోకంలో నీలా "తప్పయితే తీసెయ్యమన్నాడు" అనేవాళ్లు ఇద్దరుండరు. ఎందుకు దాచావు? చదువుకోనివాడి మాట అని నేను పక్కన పడేస్తాననుకున్నావా? నిజంగా కోపమొచ్చింది మావయ్యా.

బొంగరం


మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది
అక్టోబరు 14

బొంగరానికి,

పడేస్తావని కాదు. పడెయ్యలేవని.

నేను చెప్పింది తప్పయితే, మావయ్య కష్టపడి చేశాడే, ఎలా కాదనడం అని మొహమాటపడతావు. ఆ మొహమాటంతో పనికిరాని లెక్కని మెడకి కట్టుకుని కమిటీ ముందు నిలబడతావు. ఎవరో ఒకాయన చెప్పినదైతే తప్పుంటే చింపి పారేస్తావు. అందుకని.

నువ్వు అడగలేదు గాని, ఎలా వచ్చిందో కూడా రాస్తాను. నీకు ఆరేళ్లప్పుడు ఈ గదిలో గిరగిరా తిరిగి తిరిగి పడిపోయేదానివి. అందుకే ఆ పేరు. ఒకరోజు పడి లేచి, "మావయ్యా, చంద్రుడు అటు తిరగడేం?" అన్నావు. "తెలియదు, కనుక్కుని చెబుతా" అన్నాను. ఆ రోజు పుస్తకంలో ఎక్కించి సున్నా చుట్టాను. నీ కాలేజీ పుస్తకాలు అక్క పాత కాగితాల కింద వేసేస్తానంటే తెచ్చుకున్నాను. నాది ఎనిమిదో తరగతి. మొదటి పుస్తకానికి నాలుగేళ్లు పట్టింది. వెనకున్న లెక్కలు అన్నీ చేశాను. రెండు రాలేదు. వాటి పక్కన సున్నాలున్నాయి.

నీకు జవాబు చెబుదామని వచ్చేసరికి నువ్వు దాన్ని చదువుకునే ఉద్యోగంలో చేరిపోయావు.

ఫ్యాను పెట్టేశాను. అక్కకి చెప్పు.

కవరులో ఇరవై నాలుగో రోజు అన్నావు. అంటే ఈ నెల ఇరవై ఆరు అని నా లెక్క. నేనూ పుస్తకంలో ఎక్కించాను.

మావయ్య


కొండ మీద ఆఫీసు
నవంబరు 18

మావయ్యకి,

కూర్చుని చదువు. మెషిన్ ఆపేసి చదువు.

కమిటీలో అయిదుగురు. పొడుగాటి బల్ల, నీళ్ల గ్లాసులు, గోడ మీద తెర. పెద్దసారు బీరువాలోంచి కవరు తెచ్చి, అంటించింది అంటించినట్టే ఉందని అందరికీ చూపించి, కత్తెరతో కోశాడు. నా గీతలున్న కాగితం తెర మీద వేశారు. దాని మీద, నలభై రోజుల రీడింగులు తేదీల వారీగా ఒక్కొక్క చుక్కే పెట్టడానికి పక్క బల్ల అతన్ని నిలబెట్టారు. నేను పెట్టకూడదట, న్యాయంగా ఉండాలని.

మొదటి చుక్క గీత మీద పడింది. రెండోది. మూడోది. ఆరో రోజు దుంప శనికి దగ్గరగా వచ్చి వెళ్లింది. ఏడో చుక్క దగ్గర నేను కుర్చీ అంచుకి జరిగాను. నా పాత ఏప్రిల్ గీత ప్రకారం ఆ రోజు బాగా వెలగాలి. కొత్త గీత ప్రకారం మసకబారాలి. మసకబారింది! కమిటీలో ఒకావిడ ముందుకి వంగింది. పన్నెండు. పదిహేను. మూడు రోజులు మబ్బు పట్టింది, అవి ఖాళీ. పద్దెనిమిది. ఇరవై. పక్క బల్ల అతను చుక్క పెట్టి నా వైపు చూడటం మొదలెట్టాడు, ప్రతి చుక్కకీ. ఇరవై నాలుగు. గీత మీద.

మబ్బు రోజులు పోగా ఇరవై ఒక్క చుక్కలు, ఇరవై ఒకటీ గీత మీదే.

అప్పుడు కమిటీ పెద్దాయన, "చాలు, బాగుంది, ఇక ఆపొచ్చు" అన్నాడు. నేను లేచి, "ఆపకండి" అన్నాను. "ఇంతవరకూ సరిపోవడం సగమేనండీ. చెడాలి."

ఇరవై అయిదు, గీతకి కొంచెం పక్కన. ఇరవై ఆరు, ఇంకాస్త పక్కన. ఇరవై తొమ్మిదో చుక్క గీతని వదిలి కిందికి పడిపోయింది. ముప్ఫయ్యోది ఎక్కడ పడిందో చూసి గదిలో అందరూ ఒకేసారి నవ్వారు. నన్ను చూసి నవ్విన నవ్వు కాదు మావయ్యా, సంతోషం పట్టలేక వచ్చే నవ్వు. తప్పు చుక్క పడినప్పుడల్లా పక్క బల్ల అతను, "పోయింది! ఇదీ పోయింది!" అని అరవడం. చెప్పిన రోజుకి చెడిపోతుంటే మనుషులు చప్పట్లు కొట్టడం నేనెక్కడా చూడలేదు.

పెద్దసారు కళ్లజోడు తీశాడు. తుడవలేదు. "నాలుగు రోజుల పదకొండు గంటలు అన్నప్పుడు నేనూ నమ్మానమ్మా. నచ్చింది కాబట్టి" అన్నాడు. తర్వాత కమిటీతో, "దుంప ఈ అమ్మాయి దగ్గరే ఉంటుంది. ఇంకో మూడు చంద్రుళ్లు కూడా ఇస్తున్నాను. వాటి రీడింగుల్లో మనం కొట్టేసినవి ఎన్ని ఉన్నాయో ముందు అవి బయటికి తియ్యాలి" అన్నాడు.

వ్యాసం రాశాం. కొట్టేసిన ముప్ఫై ఎనిమిదీ మొదటి పేజీలోనే ఉన్నాయి, నేను కొట్టేశానన్న మాటతో సహా. పైన రెండు పేర్లు. రెండో పేరు చూసి పెద్దసారు, "ఈయన ఏ సంస్థ?" అన్నాడు. "మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది" అన్నాను. "ఏం చదివాడు?" అన్నాడు. "ఆరింటికి ఆరూ వింటాడండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. బ్లోయర్ కథ చెప్పాను. ఆ పేరు కింద ఆ చిరునామా తనే తప్పుల్లేకుండా రాశాడు.

తప్పయితే తీసెయ్యమంటావని తెలుసు. తప్పు కాదు. తియ్యను.

ఇంకో మాట. చంద్రుడు అటు ఎందుకు తిరగడో నువ్వే చెప్పాలి. నాకు ఇంకా ఎవరూ చెప్పలేదనుకో.

నీ బొంగరం


మోటార్ల షెడ్డు, బ్యాలెన్సింగ్ గది
నవంబరు 26

బొంగరానికి,

మెషిన్ ఆపే చదివాను. వైండింగ్ అతను, "ఏంటన్నా, ఎవరికైనా బాగోలేదా, కళ్లు అలా ఉన్నాయి?" అన్నాడు. బాగానే ఉందన్నాను. వాడికి చదివి వినిపించాను. తర్వాత ఓనరుకి కూడా చదవాల్సి వచ్చింది. సాయంత్రానికి షెడ్డులో అందరూ "ఇదీ పోయింది" అనుకుంటూ తిరుగుతున్నారు. టీ కొట్టు అతను దుంపంటే నిజంగా దుంపే అనుకుంటున్నాడు. దిద్దలేదు.

అక్క వచ్చింది. ఫ్యాను కింద కూర్చోబెట్టి చదివాను. "శనిని పట్టుకుంటే పట్టుకుంది గాని, వదలకుండా పట్టుకుంది నా కూతురు" అంది.

చంద్రుడు ఎందుకు అటు తిరగడంటే, ఒకప్పుడు తిరిగేవాడే. భూమి పట్టి లాగి లాగి, ఆ తిరుగుడుని కొంచెం కొంచెంగా ఆపింది. ఇప్పుడు తన బరువు వైపుని మనవైపు పెట్టి కుదురుకున్నాడు, బరువు చూడటానికి నా రెండు ఇనప పట్టాల మీద వదిలిన రోటర్ దొర్లి, బరువు వైపు కిందికి వచ్చి ఆగినట్టు. ఆలస్యమైంది. ఆ రోజు పుస్తకం వెతికి తీసి, ఆ సున్నా పక్కన టిక్కు పెట్టాను.

ఈ రోజు పుస్తకంలో ఎక్కించింది కింద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇన్నేళ్లలో ఇలాంటి వరస రాయలేదు.

"నవంబరు 26. వచ్చిన రోటర్లు అయిదు. సరిచేసినవి అయిదు. ఇవి గాక, శని దగ్గరిది ఒకటి. అది సరిగా తిరగదు. సరిచెయ్యాల్సిన పని లేదు. పూచీ ఇరవై నాలుగు రోజులు. నిలిచింది."

మావయ్య